మోకాళ్ల అరుగుదలకు బరువుల వ్యాయామం: ఒక కుర్చీ, రెండు ఉప్పు ప్యాకెట్లు, పన్నెండు వారాలు

"మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందన్నారు. ఇప్పుడు బరువులు కూడా కడితే ఉన్నది కాస్తా పోదా?" వ్యాయామం అనగానే ముందు వచ్చే ప్రశ్న ఇదే. పోదు. మోతాదు సరిగ్గా ఉన్నంతవరకు తొడ కండరానికి పెట్టే బరువు కీలును అరగదీయదు. అడుగు వేసిన ప్రతిసారీ పడే అదురును కాచుకునేది ఆ కండరమే. నొప్పికి భయపడి కాలు వాడకం తగ్గించేకొద్దీ తొడ సన్నబడుతుంది, అది మోయాల్సిన భారం కీలు మీద పడుతుంది.

చిక్కంతా మోతాదు దగ్గరే. కొందరు మొదటి వారంలోనే ఉత్సాహపడి, మోకాలు వాచగానే మానేస్తారు. ఇంకొందరు ఫిజియోథెరపిస్టు మొదటి రోజు నేర్పిన "పడుకుని కాలెత్తడం" ఒక్కటే రెండేళ్లుగా, బరువు లేకుండా, అదే పదిసార్లు చేస్తూ "ఏం గుణం లేదండీ" అంటారు. ఎంతతో మొదలుపెట్టాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నది తెలిస్తే ఈ రెండు అవస్థలూ తప్పుతాయి.

ఒక మాట ముందే. అరిగిన గుజ్జు వ్యాయామంతో తిరిగి పెరగదు. కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, బజారుకు నడవడం తేలికవుతాయి. నొప్పి చాలామందికి కొంత తగ్గుతుంది, అది కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు వదలకుండా చేశాక.

## 1. ఎవరు ముందు డాక్టరును చూడాలి

కింద రాసినవాటిలో ఒక్కటి ఉన్నా వ్యాయామం తర్వాత సంగతి. విశాఖలో ఉంటే కేజీహెచ్, విమ్స్ ఆసుపత్రుల్లోనో, లేదా మీకు దగ్గరలోని ఎముకల డాక్టరు దగ్గరో ముందు చూపించుకోండి.

- మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉండటం (చీము పట్టి ఉండొచ్చు, ఆరోజే వెళ్లాలి)
- పడ్డాక కాలు మీద బరువు మోపలేకపోవడం
- మోకాలు మధ్యలో బిగుసుకుపోయి అటూ ఇటూ కదలకపోవడం
- ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, నొక్కితే నొప్పి (రక్తం గడ్డకట్టి ఉండొచ్చు)
- నిద్రలోంచి లేపే నొప్పి, కారణం లేకుండా ఒళ్లు తగ్గిపోవడం
- పొద్దున్నే కీళ్లు గంటకు మించి పట్టేసి ఉండటం, చేతివేళ్ల కీళ్లు కూడా వాచడం. అరుగుదలలో ఈ బిగువు సాధారణంగా అరగంటలోపే వదులుతుంది
- నడిస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం. ఈమధ్యే గుండెకు స్టెంటు లేదా ఆపరేషన్

బీపీ 180/110 దాటిన రోజు బరువులు ముట్టుకోవద్దు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవారు మొదలుపెట్టే ముందు షుగర్ చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఒక అరటిపండో రెండు బిస్కెట్లో తిని కాసేపాగి మొదలుపెట్టండి.

ఎక్స్‌రేలో అరుగుదల తీవ్రత గ్రేడ్ 3 అన్నారా, 4 అన్నారా అన్నదాన్ని బట్టి బరువు నిర్ణయించకండి. ఫోటో ఘోరంగా ఉన్నా హాయిగా నడిచేవారున్నారు, ఫోటోలో పెద్దగా ఏమీ లేకపోయినా మెట్టు దిగలేనివారున్నారు. బరువు నిర్ణయించేది మీ కాలి బలం, మీ నొప్పి అంకె.

## 2. మొదటి రోజు కొలతలు

కొలవకుండా మొదలుపెడితే ఆరు వారాలకు "ఏమో, అలాగే ఉంది" అంటారు. ఒక నోటు పుస్తకంలో ఇవి రాసుకోండి.

30 సెకన్ల కుర్చీ పరీక్ష. సీటు ఎత్తు 17 అంగుళాలు (43 సెంటీమీటర్లు) ఉన్న, చేతులు లేని కుర్చీ గోడకు ఆనించి వేయండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవారికి 12 కంటే, మగవారికి 14 కంటే తక్కువ వస్తే అది సగటుకు తక్కువ. చేతులు ఆనించకుండా ఒక్కసారీ లేవలేకపోతే "సున్నా" అని రాసుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు, అక్కడినుంచే పెరుగుతుంది.

మిగతా మూడు: ఇంటి మెట్లు ఒక వరస ఎక్కి దిగడానికి పట్టిన సెకన్లు, ఆ సమయంలో నొప్పి 10కి ఎంత, ఒంటి బరువు. మెట్ల పరీక్షకు ప్రతిసారీ అవే మెట్లు వాడాలి. అమ్మాయి ఇంటి అపార్ట్‌మెంటు మెట్లు, మీ ఇంటి మెట్లు ఒక ఎత్తులో ఉండవు.

## 3. సామాను

కొనాల్సింది తక్కువ.

- చేతులు లేని, ఊగని కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, కాబట్టి వెనక కాళ్లు గోడకు తగలాలి
- చీలమండకు కట్టే బరువులు, లేదా ఇంట్లో చేసుకున్న సంచి
- రబ్బరు బ్యాండ్లు రెండు: ఒకటి మెత్తనిది, ఒకటి దానికంటే గట్టిది
- 4 అంగుళాల ఎత్తున్న కదలని మెట్టు. గేటు దగ్గరి మొదటి మెట్టు చాలు. ఇటుకలు, పీటలు వద్దు. అంచు మీద కాలు పడితే తిరగబడతాయి
- మడమ గట్టిగా పట్టే బూట్లు లేదా వెనక పట్టీ ఉన్న చెప్పులు
- బీరువా అద్దం

ఇంట్లో బరువు సంచి. పాత చీర ముక్కనో జీన్స్ ప్యాంటు కాలినో తీసుకుని మధ్యలో కుట్టేసి రెండు అరలు చేయండి. అర కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు, అరకొకటి వేస్తే కిలో అవుతుంది. సంచి చీలమండకు అటూ ఇటూ సమంగా వేలాడాలి. ఒకవైపే బరువుంటే పాదం మెలిపడి మోకాలి పక్కన లాగుతుంది. బీచ్ నుంచి ఇసుక తెచ్చి నింపేవారున్నారు. తడి ఇసుక ఆరేకొద్దీ తేలికవుతుంది, కాబట్టి ఈ వారం ఎత్తిందెంతో వచ్చే వారానికి తెలియదు. ఇసుకే కావాలనుకుంటే రెండు రోజులు ఎండబెట్టి, తూకం వేసి, కవర్లో మూటకట్టండి.

బ్యాండ్ల సంగతి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు అన్న వరసలో గట్టిదనం పెరగడం ఒక కంపెనీ పద్ధతి. ఇంకో కంపెనీలో అదే రంగుకి వేరే బలం ఉండొచ్చు. కాబట్టి రంగు చూసి కాకుండా చేసి చూసి ఎంచుకోండి. సముద్రపు గాలికి, చెమటకి రబ్బరు త్వరగా జిగురుపడుతుంది. వాడాక తుడిచి, కాస్త టాల్కం పౌడరు రాసి ఎండ తగలని చోట పెట్టండి. ప్రతిసారీ సాగదీసి వెలుతురుకు పట్టి చూడండి. చిన్న గాటు కనబడినా పారేయండి, తెగిన బ్యాండు కళ్ల మీదికే వస్తుంది. ఇనప డంబెల్స్ బాల్కనీలో పెడితే ఒక్క వానాకాలానికే తుప్పు పడతాయి, ప్లాస్టిక్ పూత ఉన్నవి మేలు.

బట్టల గురించి ఒక్క మాట. నైటీ, లుంగీ వేసుకుని మెట్టు వ్యాయామం చేయొద్దు. అంచు కాలికింద పడుతుంది. మోకాలు కనబడని బట్టల్లో అది ఎటు వాలుతోందో కూడా తెలియదు.

## 4. నొప్పి లెక్క: రెండు ప్రశ్నలు

వ్యాయామం చేస్తూ సున్నా నుంచి పది దాకా నొప్పికి ఒక అంకె ఇవ్వండి.

- 0 నుంచి 2: భయం లేదు, చేయండి
- 3 నుంచి 5: చేయొచ్చు, కానీ బరువు పెంచకండి
- 5 దాటితే: ఆపి, బరువు తగ్గించండి, లేదా కుర్చీ ఎత్తు పెంచండి

రెండో ప్రశ్న మొదటిదానికంటే ముఖ్యం: మర్నాడు పొద్దున ఎలా ఉంది? 24 గంటల్లో నొప్పి మళ్లీ మామూలు స్థాయికి వచ్చి, కొత్తగా వాపు లేకపోతే మోతాదు సరిపోయినట్టే. రాకపోతే మోతాదు ఎక్కువైంది. వచ్చేసారి సెట్లు (ఆగకుండా వరసగా చేసే పదేసి సార్లను ఒక సెట్ అంటారు) సగం చేయండి, వ్యాయామాన్ని మాత్రం మానేయకండి.

తొడ మధ్యలో, పిర్రల్లో ఒకటి రెండు రోజులుండే సలుపు కండరానిది. మొదటి రెండు వారాలు అది మామూలే. మోకాలి చిప్ప చుట్టూ, కీలు లోపల వచ్చే నొప్పికే పై లెక్క.

నొప్పి మాత్ర వేసుకుని, నొప్పి తెలియని ధైర్యంతో బరువు పెంచడం పెద్ద పొరపాటు. డాక్టరు రాసిన మాత్ర మానొద్దు. ఏ రోజు వేసుకుని చేశారో పుస్తకంలో గుర్తు పెట్టుకోండి, ఆరోజు బరువు పెంచొద్దు.

## 5. ఏ రోజులు, ఏ వేళ

వారానికి రెండు రోజులతో మొదలుపెట్టి మూడుకు వెళ్లండి. మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండాలి: సోమ, బుధ, శుక్ర అనుకోండి. కాళ్ల బరువుల వ్యాయామం రోజూ చేస్తే బలం రెట్టింపు రాదు, వాపు వస్తుంది.

నిద్రలేచిన వెంటనే వద్దు. వేడినీళ్ల స్నానం చేసి, ఇంట్లో కాసేపు తిరిగాక కీలు వదులవుతుంది. విశాఖలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఏడు లోపు, లేదంటే సాయంత్రం ఆరు తర్వాత, ఫ్యాను కింద చేయండి. నేల తుడిచిన వెంటనే చేయకండి. తేమకి టైల్స్ ఆరడానికి అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది.

## 6. ఒళ్లు వేడెక్కించడం

ఐదు నుంచి ఏడు నిమిషాలు.

- ఇంట్లో మామూలు నడక 3 నిమిషాలు
- కుర్చీలో కూర్చుని కాలు చాపడం, మడవడం, బరువు లేకుండా ఒక్కో కాలికి 15
- కాలు చాపుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు, 10 సార్లు

ఆ చివరిది మోకాలు బాగా సలిపే రోజున కూడా చేయొచ్చు. కీలు కదలకుండా కండరానికి పని పడుతుంది. వాపొచ్చిన రోజుల్లో ఇదే మీకు ఆధారం, బాగా నేర్చుకోండి.

## 7. అసలు వ్యాయామాలు, ఈ వరసలోనే

కష్టమైనది ముందు. కాళ్లు అలసిపోయాక మెట్టు వ్యాయామం చేస్తే మోకాలు పక్కకి వాలిపోతుంది.

### 7.1 కుర్చీలోంచి లేవడం

ఒక్కటే చేయగల సమయముంటే ఇదే చేయండి. రోజుకి ఎన్నోసార్లు చేసే పని ఇది, పైగా తొడ, పిర్ర రెండూ పనిచేస్తాయి.

1. పరీక్ష చేసిన కుర్చీనే గోడకు ఆనించండి. 17 అంగుళాల నుంచి లేస్తే నొప్పి 5 దాటితే, గట్టిగా మడిచిన బొంత వేసి ఎత్తు పెంచండి. మెత్తటి దిండు వద్దు, కూరుకుపోయి లేవడం ఇంకా కష్టమవుతుంది.
2. సీటు ముందు సగంలో కూర్చోండి. పాదాలు తుంటి వెడల్పులో, మడమలు మోకాళ్లకంటే నాలుగు వేళ్లు వెనక్కి, కుర్చీ వైపు ఉండాలి.
3. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా నడుము దగ్గర ముందుకు వంగండి. వీపు గూని పట్టకూడదు.
4. ఊపిరి వదులుతూ లేవండి. రెండు సెకన్లు.
5. పిర్రలు వెనక్కి పంపుతూ మెల్లగా కూర్చోండి. మూడు నుంచి నాలుగు సెకన్లు. "ధబ్"మని కూలబడితే ఆ సారి లెక్కలోకి రాదు. సగం బలం ఈ దిగడంలోనే వస్తుంది.

బీరువా అద్దం ఎదురుగా చేసి రెండు విషయాలు చూడండి. మోకాలు రెండో కాలివేలి దిశలోనే వెళ్లాలి. మన దగ్గర చాలామందికి అరుగుదల లోపలివైపు ఎక్కువ, కాళ్లు దొడ్డికాళ్లలా వంగి ఉంటాయి. అలాంటివారికి మోకాలు లోపలికి కాకుండా బయటికి తోసుకుపోతుంది. అదీ ఆపాలి. పాదం బొటనవేలి కింది భాగం నేల వదలకుండా చూసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

రెండోది, దొంగతనం. నొప్పి కాలిని ముందుకు జరిపి మంచి కాలితో లేస్తారు, తమకే తెలియకుండా. అలా నెలలు చేస్తే మంచి కాలే బలపడుతుంది. నొప్పి కాలి పాదాన్ని రెండు అంగుళాలు వెనక్కి పెడితే ఆ కాలు పని చేయక తప్పదు.

పెంచే వరస: ఎత్తు ఒక్కో అంగుళం తగ్గించడం, తర్వాత 2 కిలోల బియ్యం సంచి ఛాతీకి హత్తుకుని చేయడం, ఆపైన కిలో చొప్పున పెంచడం. 16 అంగుళాల కంటే కిందికి దిగాల్సిన అవసరం చాలామందికి లేదు.

### 7.2 మెట్టెక్కడం

నొప్పి కాలు మెట్టు మీద పూర్తిగా, మడమతో సహా పెట్టండి. ఒక చెయ్యి గోడ మీద. ఆ కాలి బలంతోనే లేవాలి, కింద ఉన్న కాలితో ఎగరకూడదు. కింది కాలి వేళ్లు పైకెత్తి ఉంచితే ఎగరడానికి వీలుండదు. పైన ఒక సెకను నిలబడి, మూడు సెకన్లలో దిగండి. 4 అంగుళాల దగ్గర 3 సెట్లు హాయిగా వచ్చాకే 6 అంగుళాలకి వెళ్లండి.

మెట్టు దిగే కదలికలో చిప్ప వెనక నొప్పి వస్తే మొదటి నాలుగు వారాలు దీన్ని వదిలేసి 7.1, 7.3 మీద ఉండండి.

### 7.3 కూర్చుని కాలు చాపడం, బరువుతో

మోకాలి వెనక తువ్వాలు చుట్ట పెట్టుకుని కూర్చోండి. చీలమండకు అర కిలో. రెండు సెకన్లలో చాపి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించండి. వెనక్కి వాలకండి, వాలితే తుంటి ముందు కండరం ఎత్తేస్తుంది, తొడకు పని తప్పుతుంది.

చివరలో, కాలు నిటారు కాబోతుండగా చిప్ప కింద గుచ్చుకున్నట్టుంటే పూర్తిగా చాపకండి. వేలాడుతున్న స్థితి నుంచి సగందాకా ఎత్తి దించండి. వేలాడే కాలితో చేసేటప్పుడు నిటారుకు దగ్గరయ్యేకొద్దీ చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. నిలబడి చేసేవాటిలో దానికి విరుద్ధం, మోకాలు ఎక్కువ వంగేకొద్దీ పెరుగుతుంది. అందుకే 7.1 తక్కువ లోతులో, 7.3 సగం దాకా. ఈ జంట చిప్ప నొప్పి ఉన్నవారికి సరిగ్గా కుదురుతుంది.

### 7.4 పిర్రలెత్తడం

మంచం మీద చేసినా పరవాలేదు, పరుపు గట్టిదైతే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి, మడమలతో తొక్కుతూ పిర్రలెత్తండి. పైన మూడు సెకన్లు. తొడ వెనక పట్టేస్తే మడమలు పిర్రలకు ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకోండి.

### 7.5 పక్కకి కాలు తీయడం

వంటగట్టు పట్టుకుని నిలబడండి. బ్యాండు మోకాళ్లకి కొంచెం పైన కట్టుకోండి. చీలమండకి కడితే మోకాలి పక్కన లాగుతుంది. ఒళ్లు పక్కకి వాలకుండా కాలిని ఒక అడుగు దూరం తీసి మెల్లగా తేవాలి. ఆసరా కాలికి కూడా సమానంగా పని పడుతుంది, కాబట్టి ఏ కాలు నొప్పైనా రెండు వైపులా చేయండి.

### 7.6 మడమలెత్తడం

అదే వంటగట్టు దగ్గర, 12 నుంచి 15. ఇది అందరికీ వస్తుంది.

## 8. ఎంత, ఎప్పుడు పెంచాలి

1, 2 వారాలు: వారానికి 2 రోజులు, ఒక్కోటి 1 లేదా 2 సెట్లు, సెట్టుకు 10. కష్టం (నొప్పి కాదు, పడ్డ శ్రమ) 10కి 4 లేదా 5. లక్ష్యం ఒక్కటే, తీరు సరిగ్గా నేర్చుకోవడం.

3 నుంచి 6: వారానికి 3 రోజులు, 2 లేదా 3 సెట్లు, సెట్టుకు 10 నుంచి 12. కష్టం 5, 6.

7 నుంచి 12: వారానికి 3 రోజులు, 3 సెట్లు, సెట్టుకు 8 నుంచి 10, బరువు పెంచి. కష్టం 6, 7.

సెట్టుకు సెట్టుకు మధ్య నిమిషం నుంచి రెండు నిమిషాలు కూర్చోండి. సెట్ అయ్యేసరికి "ఇంకో రెండు మూడు చేయగలను" అనిపించాలి. "ఇంకో పది చేస్తాను" అనిపిస్తే బరువు చాలదు. ఒక్కటి కూడా రాదనిపిస్తే ఎక్కువైంది.

పెంచే నియమం. చివరి సెట్‌లో అనుకున్నదానికంటే రెండు ఎక్కువ, వరసగా రెండు రోజులు చేయగలిగి, మర్నాడు మోకాలు బాగుంటే అప్పుడు పెంచండి. చీలమండ బరువైతే అర కిలో. కుర్చీ అయితే ఒక అంగుళం. ఒకే రోజు ఒకే వ్యాయామంలో పెంచాలి. అన్నీ ఒకేసారి పెంచితే, వాపు వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు.

జిమ్‌కి వెళ్లే కుర్రాళ్ల మాట విని ఎక్కువ బరువు వెంట పడకండి. 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరీక్షలో మోకాలి అరుగుదల ఉన్న 377 మందిని 18 నెలలు చూశారు. భారీ బరువుల గుంపుకి, తేలిక బరువుల గుంపుకి, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న గుంపుకి మధ్య 18 నెలల చివర నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. బలానికి బరువు కావాలి, కానీ నొప్పి తగ్గడం కోసం ఎక్కువ బరువు ఎత్తాలనేదానికి ఆధారం లేదు.

ఒంటి బరువు ఎక్కువున్నవారికి ఇంకో లెక్క. ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం చూపింది. వయసు మీరినవారికి కండరం పట్టాలంటే రోజుకి కిలో ఒంటి బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీను కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మళ్లీ అన్నంతో అది రాదు. గుడ్డు, చేప, పెరుగు, పప్పు మూడు పూటలా పంచుకోండి. కిడ్నీ జబ్బుంటే డాక్టరునడిగాకే.

## 9. జిమ్‌లో అయితే

లెగ్ ప్రెస్ (కూర్చుని పాదాలతో బరువును తోసే మెషీన్) మంచిది, సీటును వెనక్కి జరిపి మోకాలు 60 డిగ్రీలకు మించి వంగకుండా పెట్టుకుంటే. చివర మోకాళ్లను "టక్" అని లాక్ చేయకండి. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్‌కి 7.3లో చెప్పిన సగం దారి నియమమే. లోతైన బస్కీలు, గుంజీలు, గెంతే వ్యాయామాలు వద్దు. తొడకు బిగుతుగా పట్టీ కట్టి రక్తప్రసరణ తగ్గించి చేసే పద్ధతి ఒకటుంది, దాన్ని నేర్చిన ఫిజియోథెరపిస్టు దగ్గర తప్ప ప్రయత్నించవద్దు.

## 10. తరచూ జరిగే తప్పులు

ఊపిరి బిగబట్టడం. బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెట్టండి. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టలేరు.

చప్పుడుకి భయపడటం. నొప్పి, వాపు లేని "కటకట" వల్ల ప్రమాదం లేదు. లెక్క నొప్పి అంకెదే.

నీ క్యాప్ (మోకాలికి తొడిగే సాగే పట్టీ) మీద నమ్మకం. వేసుకుంటే కొందరికి ధైర్యంగా ఉంటుంది, అది సరే. కండరం పని మాత్రం అది చేయదు. చిప్ప మీద నొక్కుతూ, పిక్క వాచేంత బిగుతుగా ఉంటే తీసేయండి.

బీచ్‌లో ఇసుక మీద నడిచి వచ్చి, వెంటనే వ్యాయామం. మెత్తటి ఇసుకలో పాదం దిగబడి మోకాలు మెలికపడుతుంది, కండరం కూడా అలిసిపోతుంది. నడక కావాలంటే పొద్దున్నే వాహనాలు ఆపేసే వేళ బీచ్ రోడ్డు మీదే నడవండి, అదీ బరువులు లేని రోజున.

మూడో వారంలో మానేయడం. అప్పటికి కండరానికి మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ మెరుగవుతుంది తప్ప, తొడ లావెక్కదు. అద్దంలో తేడా కనబడక విసుగొస్తుంది. కుర్చీ పరీక్ష మళ్లీ చేయండి, అంకెలో కనబడుతుంది.

## 11. వాపొచ్చిన రోజు

- మెట్టు, బరువు ఆపండి. తొడ బిగించడం (6వ భాగంలోది) రోజుకు మూడుసార్లు, పదేసి
- ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు. చర్మానికి నేరుగా వద్దు
- నడవాల్సి వస్తే చేతికర్ర నొప్పి కాలికి ఎదుటి చేత్తో. ఎడమ మోకాలు నొప్పైతే కర్ర కుడి చేతిలో
- పూర్తి మంచం పట్టొద్దు, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి
- తగ్గాక, వాపుకు ముందున్న బరువులో సగంతో మొదలు

వారం దాటినా తగ్గకపోతే, మోకాలు వేడిగా ఉంటే డాక్టరు దగ్గరికే. కీలులో ఇంజెక్షన్ చేయించుకుంటే ఎన్ని రోజులు ఆగాలో వేసిన డాక్టరునే అడగండి.

## 12. ఊరి మెట్లు, నేల మీద కూర్చోవడం

ఆరిలోవ, మాధవధార, కంచరపాలెం కొండవాలు ఇళ్లకు వెళ్లే మెట్లు ఒక ఎత్తులో ఉండవు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. ఒక చెయ్యి గోడ మీద. కూరల సంచి రెండు చేతుల్లోకీ సగం సగం పంచుకోండి, లేదా వీపున వేసుకోండి.

సింహాచలం మెట్ల మార్గం వేయి మెట్ల వ్యవహారం. ఎక్కడం కంటే దిగడం మోకాలికి కష్టం. మొక్కు ఉంటే పైకి నడిచి, కిందికి బస్సులో రండి. ఆషాఢంలో గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. పన్నెండు వారాలు పూర్తయినా దానికి సిద్ధమైనట్టు కాదు. దానికి వేరే నడక సాధన కావాలి.

బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం పాపం కాదు. లేచేటప్పుడు నొప్పి 5 దాటనంతవరకు, పది నిమిషాల్లోపు పరవాలేదు. పీట మీద కూర్చుని గంటసేపు కూరగాయలు తరిగే అలవాటుంటే అది బల్ల మీదికి మార్చండి. నేల మీద టాయిలెట్ ఉన్న ఇంట్లో గోడకు ఒక పట్టుకునే కడ్డీ బిగించండి, తడిచేత్తో పట్టుకున్నా జారనిది.

## 13. పన్నెండు వారాల తర్వాత

మొదటి రోజు కొలతలన్నీ మళ్లీ తీయండి. కుర్చీ పరీక్షలో రెండు మూడు పెరిగినా అది నిజమైన లాభమే. ఇక వారానికి రెండు రోజులు చేస్తే బలం నిలుస్తుంది. అంకెలు కదలకపోతే, పుస్తకం పట్టుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. ఏ రోజు ఎంత బరువో, మర్నాడు నొప్పి ఎంతో రాసి ఉంటే ఆయనకి పది నిమిషాల్లో తెలుస్తుంది ఎక్కడ ఆగిందో.

పెళ్లికో, జ్వరానికో మధ్యలో ఆగిపోతే:

- ఒక వారం ఆగితే అదే బరువు
- రెండు మూడు వారాలు ఆగితే మూడో వంతు తగ్గించి
- నెల దాటితే సగంతో, 1, 2 వారాల సెట్ల లెక్కతో